పంపినట్టే లెక్క

కాకినాడ,
18 జనవరి 2024.

బావా,

ఫోను పక్కనుండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనులో నువ్వు నవ్విస్తావు, నేను కరిగిపోతాను, చెప్పాల్సింది చెప్పకుండానే పెట్టేస్తాను. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. ఇప్పుడు నేను నీ మేనమామ కూతుర్ని మాత్రమే కాదు, నీ కంపెనీకి ఆడిటర్ని కూడా. అందుకని కాగితం మీద పెడుతున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు.

డిసెంబరు దాకా మీ లెక్కలు చూశాను. నర్సు పిల్లలకి జర్మన్ భాష నేర్పించి, పరీక్ష గట్టెక్కించి, అక్కడి ఆసుపత్రుల్లో ఉద్యోగం కుదిర్చి, వీసా తెప్పించి విమానం ఎక్కిస్తామని తలకి మూడున్నర లక్షలు కట్టించుకున్నావు. బాగానే ఉంది. కానీ కట్టిన రోజునే ఆ మొత్తాన్ని ఆదాయం కింద రాయించేశావు. ఇంతవరకూ ఒక్క పిల్ల కూడా విమానం ఎక్కలేదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

డబ్బు చేతికి రావడం వేరు, అది మనది కావడం వేరు. మా అకౌంటింగ్ ప్రమాణాల్లో తొమ్మిదోది ఈ సంగతే చెబుతుంది. ఒప్పుకున్న పనిలో ఎన్ని మెట్లున్నా, చివరి మెట్టే అసలైనదైతే అది ఎక్కిన రోజునే ఆదాయం. అంతవరకూ నువ్వు ఆ పిల్లలకి బాకీ. మీ ఒప్పంద పత్రంలోనే ఉంది కదా, కంపెనీ పంపలేకపోతే మొత్తం తిరిగి ఇస్తామని. తిరిగి ఇవ్వాల్సి రావచ్చు అన్న సొమ్ముని లాభమని ఎలా రాసుకుంటావు?

మన శారోన్ కూడా ఆ పిల్లల్లో ఉంది. రాజోలు రత్నం వదిన కూతురి చేత అమలాపురం ఆసుపత్రిలో ఉద్యోగం మాన్పించి మరీ నీ దగ్గర చేర్పించింది, సొంత మేనమామ కంపెనీ కదా అని. మొగుడు పోయాక ఆవిడకి మిగిలిన ఆశంతా ఆ పిల్లే. దాన్ని పంపించు బావా. పంపించిన మర్నాడే దాని డబ్బు ఆదాయంలో రాసుకో, నేనే దగ్గరుండి రాయిస్తాను.

మార్చి ఆఖరుకి ఇదంతా సరిచేయకపోతే మాత్రం సంతకం పెట్టలేను. అక్కయ్యని అడిగానని చెప్పు.

నీ మరదలు,
సుందరి


అమలాపురం,
27 జనవరి 2024.

సుందరీ,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం మీ అక్క చేత చదివించుకున్నాను. అంతా చదివి, "మా చెల్లి మిమ్మల్ని దొంగ అందండీ, కాస్త మర్యాదగా అంది" అని తేల్చింది.

కొబ్బరి దింపు సంగతి నీకు తెలియనిదా? కాయ చెట్టు మీద ఉండగానే వర్తకుడొచ్చి మా నాన్న చేతిలో డబ్బు పెట్టేవాడు. ఆ సాయంత్రమే నాన్న సంతకెళ్లి ఖర్చు పెట్టేవాడు. కాయ ఇంకా దిగలేదు కదా, ఈ డబ్బు నాది కాదేమో అని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఆ డబ్బుతోనే మేం అన్నం తిన్నాం. సెలవులకొచ్చి నువ్వూ తిన్నావు.

కువైట్‌లో పద్దెనిమిదేళ్లు ఒకళ్ల కారు తుడిచి, ఆ కారే నడిపి, వెనకేసిన నాలుగు రాళ్లతో ఈ కంపెనీ పెట్టాను. గడియార స్తంభం దగ్గర అద్దె గదుల్లో పిల్లలు బల్లకి నలుగురు కూర్చుంటున్నారు. సొంత భవనం, హాస్టలు కట్టాలి. స్థలం చూసుకున్నాను. మార్చి లెక్కల్లో లాభం కనబడితేనే అప్పిస్తామని బ్యాంకు మేనేజరు అంటున్నాడు. నువ్వు చెప్పినట్టు రాస్తే నా ఆదాయం సున్నా, నెత్తిన నాలుగు కోట్ల బాకీ. అది చూసి ఆయన నాకు టీ కూడా ఇప్పించడు. పిల్లలు ఇవాళ కాకపోతే రేపు వెళ్తారు. ఈలోపల మేష్టర్ల జీతాలు మీ తొమ్మిదో ప్రమాణం ఇస్తుందా?

నువ్వు సి.ఏ. చదువుతుండగా మామయ్యకి డబ్బు పంపినవాణ్ణి నేను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తడం లేదు, మాటవరసకి అన్నాను. ఇక శారోన్ గురించి నువ్వు నాకు చెప్పక్కర్లేదు. అది నా అక్క కూతురు.

నీ బావ,
వరప్రసాదం


కాకినాడ,
5 ఫిబ్రవరి 2024.

బావా,

నువ్వు చదివించిన సంగతి నేను మరిచిపోతేగా గుర్తు చెయ్యడానికి. ఆ చదువే ఇలా మాట్లాడిస్తోంది, తప్పు ఎవరిదో నువ్వే ఆలోచించుకో.

దింపు సంగతి ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. తొంభై ఆరు తుఫానుకి మీ తోట పడుకున్నప్పుడు నువ్వు కువైట్‌లో ఉన్నావు. నేను మీ ఇంట్లో ఉన్నాను. ఆ వర్తకుడు మీ అరుగు మీద కూర్చుని తల పట్టుకున్నాడు. అత్తయ్య లోపలికెళ్లి చేతి గాజులు తీసిచ్చింది. కాయ దిగకుండా తిన్న డబ్బు అప్పేనని ఆవిడకి ఎవరూ ప్రమాణాలు చదివి చెప్పలేదు. నీకు ఈ సంగతి తెలియనివ్వద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఆవిడ పోయింది కాబట్టి ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను.

బ్యాంకు కోసం లెక్క మార్చను. నేను చేయగలిగింది ఒక్కటే. మార్చి ముప్పై ఒకటి లోపల ఎంతమంది వెళ్తే అంతమంది డబ్బూ ఆదాయమే. వెళ్లినట్టు నాకు ఋజువు కావాలి. కంపెనీ ఒప్పుకున్న పని పూర్తి చేసిందని ప్రతి పిల్ల చేతా సంతకం పెట్టించిన కాగితం ఇప్పించు. నా మీద కోపం ఉంటే ఉండనీ, పిల్లల్ని మటుకు పంపించు.

సుందరి


అమలాపురం,
4 మార్చి 2024.

మరదలా,

నువ్వే నెగ్గావు. అమ్మ గాజుల సంగతి మీ అక్క చేత రెండుసార్లు చదివించుకున్నాను. నువ్వన్నట్టే చేద్దాం. పంపినవాళ్లదే ఆదాయం.

దేవుడు దారి తెరిచాడు. మొదటి జట్టు అరవై మంది ఈ నెలాఖరుకి బయలుదేరుతున్నారు. పిల్లల్ని ప్రార్థన చేసి సాగనంపే ప్రయాణ కూడికలు ఊరూరా మొదలైపోయాయి. నిన్న ఒక్కరోజే అంబాజీపేటలో ఒకటి, కొత్తపేటలో రెండు. మా సూటుకి ఇస్త్రీ నిలవడం లేదు. పాపం పేద కుటుంబాలు, అప్పులు చేసి భోజనాలు పెడతారేమోనని షామియానా, వంట ఖర్చు కంపెనీ తరఫున నేనే భరిస్తున్నాను. నువ్వడిగిన కాగితాలు కూడా అక్కడే పిల్లల చేత సంతకం పెట్టిస్తున్నాం.

మన శారోన్ కూడిక ఇరవయ్యో తారీఖున రాజోలులో. ఆడిటర్ గారిలా కాకుండా మేనత్తలా రా. రత్నం అక్క నీ కోసం పులస దొరకదు కదా అని బాధపడుతోంది, సీజను కాదని చెప్పాను. కోడి బిర్యానీతో సరిపెట్టుకో.

నీ బావ,
వరప్రసాదం


కాకినాడ,
24 జూన్ 2024.

బావా,

మీ పుస్తకాలు ముగించాను. అరవై మందిది ఆదాయం. తక్కిన వాళ్లది బాకీ కింద చూపించాను, వాళ్లు వెళ్లిన ఏడాది రాసుకుందువుగాని. లాభం బ్యాంకు వాడు సంతోషించేంత ఉంది. నేను సంతకం పెట్టేశాను, నా మనసు కూడా తేలికపడింది.

మా ఆఫీసులో నా భాగస్వామి కృష్ణమోహన్ గారిది అనంతపురం. ఆయన మీ ఫైలు చూసి, సంతకాలు సరేనండీ, పాస్‌పోర్టు మీద దేశం దాటిన ముద్ర నకళ్లు కూడా తెప్పిస్తే బాగుంటుందేమో అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయనకి ప్రయాణ కూడిక అంటే ఏమిటో తెలియదు. టికెట్టు చేతికి రాకుండా కూడిక పెట్టే ఇల్లు మా వైపు లేదండీ అని చెప్పాను. పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, సంఘమంతా భోంచేసి, ఆడవాళ్లు చేతిలో నోటు పెట్టి ఏడ్చి సాగనంపాక ఆ పిల్ల మళ్లీ ఊళ్లో కనబడితే ఆ ఇల్లు తలెత్తుకోలేదని చెప్పాను. కూడికల ఫోటోలు చూపించాను. ఒకదాంట్లో నేనే ఉన్నాను, శారోన్ని పట్టుకుని ముక్కు చీదుకుంటూ. ఇంతకన్నా ఏం ముద్ర కావాలండీ అంటే ఆయన ఫైలు మూసి నా బల్ల మీద పెట్టేశారు.

బిర్యానీ బాగుంది. రత్నం వదిన ఆ రోజు ఒక్కచోట కూర్చోలేదు. "మా ఇంట్లోంచి ఆడపిల్ల సముద్రం దాటడం ఇదే మొదలండీ వదినగారూ" అని వడ్డన మధ్యలో వచ్చి మూడుసార్లు చెప్పింది. ఆవిడ ముఖం అలా ఉండగా నేనెప్పుడూ చూళ్లేదు. జనవరిలో నీకు కటువుగా రాశాను. మనసులో పెట్టుకోకు.

కూడికల భోజనాలు మీ గుమాస్తా ప్రచార ఖర్చు కింద రాశాడు. అన్నం పెట్టి పంపడం ప్రచారమేమిటి, ఇతర ఖర్చుల్లోకి మార్చాను.

నీ మరదలు,
సుందరి


అమలాపురం,
19 జులై 2024.

సుందరీ,

బ్యాంకు అప్పు చేతికొచ్చింది. మొన్న ఆదివారం ఆరాధన కాగానే పాస్టరుగారి చేత శంకుస్థాపన చేయించాం. నువ్వు వస్తావనుకున్నాను. పిల్లలంతా క్షేమం. శారోన్ వాళ్లమ్మకి ఫోన్లు చేస్తూనే ఉందట, పని ఎక్కువట. చల్లటి దేశం కదా, అలవాటు పడాలి.

నీ బావ,
వరప్రసాదం


కాకినాడ,
9 అక్టోబరు 2024.

వరప్రసాదం గారికి,

సోమవారం మా అత్తగారికి కంట్లో శుక్లం తీయించడానికి ఇక్కడి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. చుక్కలు వేయడానికి వచ్చిన నర్సు మాస్కు కట్టుకుని ఉంది. నన్ను చూడగానే చుక్కల సీసా ట్రేలో పెట్టేసి వెనక్కి తిరిగింది. నడకని బట్టి గుర్తుపట్టాను. మీ అక్క కూతురు శారోన్.

మెట్ల కింద కూర్చోబెట్టి అడిగాను. ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. మార్చిలో మీరు బస్సు కట్టి అరవై మందినీ హైదరాబాదు తీసుకెళ్లారట. విమానం వాయిదా పడింది, వీసాలు వారంలో వస్తాయి అని ఒక హాస్టల్లో దింపారట. జూన్‌లో హాస్టలు డబ్బు కట్టడం మానేశారట. అప్పటికి నేను మీ లెక్కల మీద సంతకం పెడుతున్నాను. పిల్లలు తలో దిక్కూ పోయారు. ఒకతె బెంగళూరులో ముసలివాళ్లకి కాపలా. ఇంకొకతె హైదరాబాదులోనే బట్టల షాపులో. ఇది పన్నెండు వేలకి ఇక్కడ చేరింది. నేనడిగిన కాగితం మీద సంతకం కూడిక రోజున భోజనాల హడావిడిలో మీ గుమాస్తా పెట్టించుకున్నాడట, చదవలేదట.

ఇంటికి పోదాం పద, నేనున్నాను అన్నాను. అది ఏమందో వినండి. "కూడిక అయిపోయింది కదండీ అత్తయ్యా. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని వెళ్తానండీ? అమ్మకి చెప్పకండి." వీడియో కాల్ అడిగితే డ్యూటీలో ఉన్నానంటుందట. రాజోలుకి మూడు గంటల దూరంలో ఉండి జర్మనీ నుంచి మాట్లాడుతోంది.

మీరు దొంగ ముద్ర వేసిన పాస్‌పోర్టు తెస్తే నేను పట్టుకునేదాన్ని. మీరు కూడిక తెచ్చారు. అనంతపురం ఆయన దానికి మోసపోలేదు. నేను ఇక్కడ పుట్టాను కాబట్టి మోసపోయాను. నన్ను ఏడిపించి మరీ సంతకం పెట్టించుకున్నారు. సొంత మేనకోడల్ని, తండ్రి లేని పిల్లని, ఆదాయం కోసం షామియానా కింద నిలబెట్టారు. 

బ్యాంకుకి రాశాను. నా నివేదిక చెల్లదని, ఆ అరవై మంది సొమ్మూ ఆదాయం కాదు, బాకీ అని. మా సి.ఏ.ల ఇన్‌స్టిట్యూట్‌కి నా మీద నేనే రాసుకున్నాను. ఇక మీరు చేయాల్సింది ఒక్కటే. ఆ పిల్లల డబ్బు తిరిగి ఇవ్వండి.

సుందరి


అమలాపురం,
21 అక్టోబరు 2024.

గౌరవనీయులైన ఆడిటర్ శ్రీమతి సుందరి గారికి,

మీ లేఖ అందింది. మీరు ఋజువు అడిగారు, ఇచ్చాను. సంతకాలు అడిగారు, ఇచ్చాను. ముద్ర అడగలేదు. బిర్యానీ బాగుందని రాతపూర్వకంగా తెలియజేసినదీ మీరే.

వీసాలు నేను ఆపలేదండి. ఏప్రిల్‌లో వచ్చేస్తాయని ఢిల్లీ ఏజెంటు బైబిలు మీద ఒట్టేశాడు. ఎలాగూ వెళ్లేవాళ్లే కదా, కూడిక పది రోజులు ముందు పెడితే తప్పేమిటనుకున్నాను. లాభం లేకపోతే అప్పు రాదు, అప్పు రాకపోతే కంపెనీ ఉండదు, కంపెనీ లేకపోతే ఎవరూ వెళ్లరు. మీ పుస్తకాల్లో ఇలాంటి లెక్క ఉండదు.

డబ్బంతా ఇప్పుడు పునాదుల్లో ఉంది. మీరు రాసిన ఉత్తరానికి బ్యాంకు వాళ్లు మిగతా అప్పు ఆపేశారు. సంతోషించండి. చదివించినందుకు మంచి ఫలమే దక్కింది.

వాపసు సంగతి. నేను ఎగ్గొట్టే మనిషిని కాదు. ఒప్పందంలో ఉన్నట్టు, కంపెనీ మా పిల్లని పంపలేదు అని పిల్లా, డబ్బు కట్టిన పెద్దలూ సంతకం పెట్టి అర్జీ ఇవ్వాలి. డిసెంబరు ఆఖరు వరకు గడువుంది. ఎవరు తెస్తే వాళ్లకి స్థలం అమ్మైనా ఇస్తాను. ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. తెచ్చేవాళ్లుంటే పంపించండి.

శారోన్ని చూసుకోండి. అది నా మీద కోపంగా ఉందని తెలుసు.

ఇట్లు,
వరప్రసాదం,
మేనేజింగ్ డైరెక్టర్


కాకినాడ,
6 జనవరి 2025.

బావా,

గారు అని రాసే ఓపిక కూడా లేదు.

నవంబరు, డిసెంబరు నెలలు ఆ అర్జీలు పట్టుకుని నేను తిరగని ఊరు లేదు. అంబాజీపేట, కొత్తపేట, మామిడికుదురు, రాజోలు. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ కుర్చీ వేసేరు, కొబ్బరి నీళ్లిచ్చేరు. అర్జీ బయటికి తీయగానే తలుపు దగ్గరకేసేరు. కొందరికి అప్పటికే తెలుసు. తెలిసినవాళ్లే ఎక్కువ గట్టిగా మా పిల్ల అక్కడే ఉందండీ అన్నారు. కొత్తపేటలో ఒకాయన సంతకం పెట్టి, నేను వీధి మలుపు తిరిగేలోగా వెనకే పరిగెత్తుకొచ్చి కాగితం లాక్కుని చింపేశాడు. ఆయన రెండో కూతురికి సంబంధం చూస్తున్నారట. మొదటిది జర్మనీలో ఉందని చెప్పుకున్నారట.

రత్నం వదిన దగ్గరకి ఆఖరున వెళ్లాను, శారోన్ని వెంటబెట్టుకుని. ఆవిడైనా పెడుతుందనుకున్నాను. కూతుర్ని చూసి చేతిలో పని వదిలేసి వచ్చింది. గట్టిగా పట్టుకుంది. తర్వాత వీధి తలుపు గడియ వేసి వచ్చి, నేనిచ్చిన కాగితం చదివింది. రెండోసారి చదివి మడత పెట్టి నా చేతిలో పెట్టేసింది.

"పంపలేదని నా చేత్తో రాసిస్తే, ఆ రోజు మా ఇంట్లో చేతులు కడుక్కున్నవాళ్లందరికీ నేనేం చెప్పనండీ వదినగారూ? ఇది వెళ్లిందండి. ఆర్నెల్లు చేసింది. చలి పడలేదు, వచ్చేసింది. అంతేనండి."

మూడున్నర లక్షలు వదినా, అది నీ కష్టం అన్నాను. "డబ్బు పోతే పోయిందండి" అంది. శారోన్ వైపు చూశాను. అది గోడ వైపు చూస్తోంది. ఉద్యోగం పోయింది, డబ్బు పోయింది, ఇల్లొక్కటి మిగిలింది. ఆ ఇంట్లోకి రావాలంటే అబద్ధం ఒప్పుకోవాలి. ఒప్పుకుంది.

గడువు దాటిపోయింది. ఒక్క అర్జీ రాలేదు. ఇప్పుడు నువ్వు ఇంకో ఆడిటర్ని పెట్టుకుంటావు. అడిగేవాడు లేని బాకీని ఆఖరికి ఆదాయంలో కలుపుకోవచ్చని ఆయన నీకు చెబుతాడు. తప్పు చెప్పడు. అది కూడా మా పుస్తకాల్లో ఉంది. బ్యాంకు మళ్లీ తలుపు తీస్తుంది. నువ్వు పంపకుండా సంపాదించావు, వాళ్లు వెళ్లకుండా వచ్చేశారు, లెక్క సరిపోయింది. తప్పు చేసినట్టు కాగితం మీద మిగిలింది నా ఒక్కదాని పేరే. ఇన్‌స్టిట్యూట్ నుంచి నోటీసు వచ్చింది, వెళ్లి నిలబడతాను. దానికి నాకు ఏడుపు రావడం లేదు. నీ మీద అసహ్యం మటుకు తగ్గడం లేదు. నన్ను నవ్వించడానికి ఫోను చేయకు.

క్రిస్మస్ మర్నాడు మళ్లీ రాజోలు వెళ్లాను. సంఘం ఆడవాళ్లు అరుగు నిండా కూర్చుని ఉన్నారు. శారోన్ కొత్త స్వెట్టర్ వేసుకుని వాళ్లకి టీ ఇస్తోంది. ఆసుపత్రి కిటికీలోంచి చూస్తే మోకాళ్ల లోతు మంచు ఉండేదండీ, డ్యూటీకి వెళ్లేటప్పుడు పారతో తీసుకుంటూ వెళ్లేవాళ్లం అని చెబుతోంది. అది అక్కడున్నానని చెబుతున్న నెలల్లో మంచు పడదు. ఆ సంగతి వాళ్లకి తెలియదు. రత్నం వదిన గుమ్మంలో నిలబడి కళ్లార్పకుండా వింటోంది. శారోన్ నన్ను చూసింది. చూసి కూడా ఆపలేదు.

సుందరి